బొమ్మ లేని దర్వాజ తాత

వనజ చూపుడు వేలు ఇంగ్లీషు అక్షరాల కింద పాకుతూ పోయి పేరా చివర ఆగింది. వేలు ఆగిందంటే కథ ఇక తెలుగులోకి వస్తుందని వసారాలో కూచున్న ముగ్గురికీ తెలుసు. ఒళ్ళో చాటలు, చాటల్లో తంబాకు, పక్కన కత్తిరించి పెట్టుకున్న తునికాకు. కథ కోసం చెవులు ఆగుతాయి గానీ చేతులు ఆగవు.

"బొక్కల దండు వాగు దాటింది," అంది వనజ. "కోటల ఉన్నోళ్ళంత ఎనుక దిక్కుకెల్లి పోతున్నరు. రాజు ముందుగాలనే పోయిండట."

"పోక ఉంటడా," అంది గంగమణి. అన్నాక కాసేపు దగ్గింది. "మరి దర్వాజ తాత?"

"ఉన్నడు. దర్వాజ కాడనే ఉన్నడు."

ఆ మాట విన్నాకే గంగమణి ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టుకునే ఆడవాళ్ళకు బొక్కల దండుతో, అంటే ఎముకల గూళ్ళ సైన్యంతో, ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. ఏ దేశంలోనో గడ్డాలూ మీసాలూ వచ్చిన మగవాళ్ళు బల్ల మీద గుట్టలూ కోటలూ పేర్చి, బొటనవేలంత సిపాయి బొమ్మలకు రంగులేసి, పాచికలు విసిరి యుద్ధం ఆడుకుంటారట. ఆ ఆటలోని లోకం మీద నవలలు కూడా రాయించి అమ్ముతారట. వనజ అన్న కొడుకు సిద్దార్థ హైదరాబాదులో ఆ ఆట పిచ్చిలో పడ్డాడు. ఉద్యోగం మారి బెంగళూరు పోతూ ఆ నవలలు అట్టపెట్టె నిండా తెచ్చి మేనత్త ఇంట్లో పడేసి పోయాడు. వనజ ఇంటర్లో ఇంగ్లీషు ఒక్కటే పాసైన మనిషి. పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తాయని పెట్టె విప్పి, ఒక పుస్తకం తెరిచి, పొయ్యి సంగతి మరిచిపోయింది.

అలా మొదలైంది. టీవీ చూస్తూ చుడితే బీడీ వంకరపోతుంది. కథకైతే చెవులు చాలు. కానీ చదివే మనిషి బీడీలు ఎవరు చుట్టాలి? దానికి వాళ్ళే ఒక దారి చూసుకున్నారు. పొద్దుగూకేలోపు ముగ్గురూ తమ కుప్పల్లోంచి తలా ఇన్ని తీసి వనజ చాటలో వేస్తారు. వనజ పేరా చదివి, అర్థం కాని మాట ఫోనులో వెతికి, తమ మాటల్లో చెబుతుంది. వాడకట్టులో నవ్వినవాళ్ళు నవ్వారు. వీళ్ళు పట్టించుకోలేదు.

గంగమణికి అరవై దాటాయో దాటలేదో ఆమెకే తెలియదు. ఆకు అంచు నొక్కి నొక్కి బొటనవేలి గోరు అరిగి పలుచబడింది. వేళ్ళకు పట్టిన తంబాకు రంగు ఏ సబ్బుకూ పోదు. భుజాలు ముందుకు వంగిపోయి, వీపు మీద ఎముకలు జాకెట్టులోంచి కనిపిస్తాయి. మొగుడు వెంకటి పెళ్ళైన కొత్తలోనే మట్టిపనికి బొంబాయి పోయాడు. రెండుమూడు సార్లు వచ్చి, ఆ తర్వాత రాలేదు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె మెడలో పుస్తె తీయలేదు. బతికున్నాడని కూడా ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎదురు చూసిందీ లేదు. బీడీలు చుట్టింది. ఎండలకూ వానలకూ చుట్టింది, జరమొస్తే గోడకు ఒరిగి చుట్టింది. ఆమె చుట్టిన బీడీని కంపెనీలో చాటన్, అంటే మంచివీ చెడ్డవీ ఏరి చూసే మనిషి, ఏనాడూ పక్కకు విసరలేదు. బతుకులో ఆమెకు దక్కిన మర్యాద ఏదైనా ఉందంటే అదే.

ఆ పుస్తకాల్లో గాల్డ్రిన్ లాంటి వీరులకు కొదవలేదు. గంగమణికి వాళ్ళెవరూ పట్టలేదు. మొదట్లోనే, పొద్దున్నే కోట దర్వాజ తీసి చీకటి పడ్డాక వేసే ముసలాయన ఒకడు వచ్చాడు. పేరు హోల్విన్. ఆ పేరు రాజుకు కూడా తెలియదు. గంగమణి ఆయన్ని పట్టుకుంది. "ఇయ్యాల తాత ముచ్చట రాలేదేంది?" అని అడిగేది. పుస్తకంలో లేని రోజున వనజే ఏదో ఒకటి కలిపేది. తాత గంజి తాగాడనో, మోకాలికి నూనె రాసుకున్నాడనో చెప్పేది. గంగమణి తల ఊపి, నూనె వెచ్చబెట్టి రాసుకొమ్మనేది.

దగ్గు కొత్తది కాదు. ఆ పనిలో దగ్గనివాళ్ళు ఎవరు గనక? కానీ ఈమధ్య గంగమణి కొంగు మీద ఎరుపు పడుతోంది. వనజ చూసింది. కామారెడ్డి పెద్ద దవాఖానకు పోదామని పోరు పెట్టింది.

"వాళ్ళేమంటరో నాకెర్క లేదా?" అంది గంగమణి. "బీడీలు మానుమంటరు. మాని ఏం జెయ్యాలె? చేతులు ఒళ్ళె పెట్టుకొని ఎవ్వల మొకం జూడాలె?"

చివరికి వనజ నస పడలేక గంగమణి ఒక మాట ఇచ్చింది. "ఈ కథ ఒడువనీ. తాత ఏమైతడో ఇన్నంక పోదాం."

అప్పటి నుంచి వనజకు కథ మీద మోజు పోయి తొందర పట్టుకుంది. యుద్ధాలు నాలుగు మాటల్లో తేల్చేసి పేజీలు తిప్పింది. నిన్న అన్నం ఉడుకుతుండగా చివరి పేజీలు ఒక్కతే చదివేసింది. అన్నం మాడిపోయింది.

"ఆ గాల్డ్రిన్ గానికి సావు లేదా?" అంది అనిల, తన చాట దులుపుకుంటూ. అనిల అందరిలో చిన్నది. నిరుడే ఆ వాడకు కోడలిగా వచ్చింది. "మొన్న గుట్ట మీదికెల్లి పడ్డడు, నిన్న మంటల పడ్డడు. మళ్ళ లేస్తడు."

వనజ నవ్వింది. "సిద్దార్థను అడిగిన. వాని బొమ్మ దుకాణంల అమ్ముతున్నరట. సంపితే బొమ్మ ఎవ్వలు కొంటరు? అసలు ఆ యుద్ధమే ఒడువదట. ఒడిస్తే ఆట ఉండదాయె."

"మంచిగనే ఉన్నది యాపారం," అంది రుక్మిబాయి. తండా విడిచి వచ్చి అదే వాడలో కిరాయికి ఉంటుంది ఆమె.

గంగమణి మాత్రం నవ్వలేదు. "మరి తాతకు ఉన్నదా బొమ్మ?"

"అడగలే," అంది వనజ.

నిజానికి అడిగింది. ఫోనులో సిద్దార్థ పకపకా నవ్వాడు. 'దర్వాజ తీసేటోనికి బొమ్మ ఎవ్వలు చేస్తరు అత్తా' అన్నాడు.

మధ్యాహ్నం తిండ్లయ్యాక వనజ చివరి అధ్యాయం తెరిచింది. పుస్తకం మీదికి వంగి చెప్పుకుంటూ పోయింది. జనమంతా వెనక దారిన పోయారు. దర్వాజ తాత కూడా తాళాలు నడుముకు కట్టుకొని వాళ్ళ వెంట పోయాడు. కొండ అవతల ఆయన బిడ్డ ఊరుంది. బిడ్డ కాళ్ళకు నీళ్ళిచ్చింది, వేడి అన్నం పెట్టింది.

"వనజా," అంది గంగమణి. "నీ వేలు కదుల్తలేదు."

వనజ పుస్తకం మీంచి వేలు తీసేసింది.

"సచ్చిండు గదా?"

"సచ్చిండు అవ్వా."

"ఎట్లనో సరిగ జెప్పు."

వనజ వేలును మళ్ళీ అక్షరాల కింద పెట్టింది. ఈసారి ఒక్క మాట కలపలేదు. "అందరు పోయిండ్రు. తాత దర్వాజ ఏసిండు. అవుతల బొక్కల దండు గుద్దుతున్నది. ఆయన స్టూలు జరుపుకొని, దర్వాజకు వీపు ఆనిచ్చి కూసున్నడు." పేజీ తిప్పింది. "ఇంక లేడు."

"లేడంటే?" అంది అనిల.

"ఇంక రాలే. గాల్డ్రిన్ గుర్రం మీద ఉరుకుతున్నడు. తాత ముచ్చట మళ్ళ ఎక్కడ రాలే."

"సచ్చిండని గూడ రాయలేదా?"

"రాయలే."

అనిల ముక్కు చీదుకుంది. వనజకు ఆ రాసినవాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క వాక్యం రాస్తే వాడి సొమ్మేం పోయింది?

గంగమణి చేతిలో బీడీకి మూతి మడిచి, దారం చుట్టి, తెంపింది. "పాణం మీదికొచ్చినా జాగ ఇడ్వలే," అంది. "మంచిగున్నది కథ." తన కుప్పలోంచి చారెడు బీడీలు తీసి వనజ చాటలో పోసింది.

"పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోదాం," అంది ఆ తర్వాత తనే.

"కామారెడ్డికా? నిజంగనా అవ్వా?"

"మాట ఇచ్చినంక పోకుంట ఉంటనా?"

వనజకు గుండె మీది బరువు దిగిపోయింది. ఇద్దరి బీడీలూ తనే కంపెనీకి మోసుకుపోయి అప్పజెప్పి వచ్చింది. సంచిలో దుప్పటి, నీళ్ళ సీసా, పళ్ళెం పెట్టుకుంది. పెద్ద డాక్టరుతో ఎలా మాట్లాడాలో మనసులో రెండుసార్లు అనుకుంది. ఎన్నాళ్ళకో ఆ పూట అన్నం సహించింది.

తెల్లవారుతుండగా సంచి భుజానికి తగిలించుకొని గంగమణి ఇంటికి పోయింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. గంగమణి గోడ వైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకొని పడుకుంది.

"అవ్వా, లే. బస్సుకు ఆలస్యమైతది."

పాదం పట్టి కదిపింది. చల్లగా తగిలింది. దిండు మీది గుడ్డకు గోడ వైపు కొంచెం ఎరుపు అంటి, ఎండిపోయి ఉంది. వనజ అక్కడే నేల మీద చతికిలబడింది. ఏడుపు వెంటనే రాలేదు. ఎవరిని పిలవాలి, ముందు ఏం చెయ్యాలి అనుకుంటూ గదంతా చూసింది. బయటికి పోయేటప్పుడు కట్టుకునే చీర దండెం మీదే ఉంది. ప్రయాణానికని తీసి పెట్టుకున్న వస్తువు ఒక్కటీ లేదు.

ఆకు తడిపి రాత్రంతా గోనెగుడ్డలో చుట్టి పెడితేనే పొద్దున మెత్తబడి కత్తెరకు లొంగుతుంది. పొద్దున బీడీలు చుట్టేవాళ్ళే రాత్రి ఆకు తడుపుకుంటారు. మూలన, నీళ్ళ కుండ పక్కన, తడి గోనెగుడ్డలో ఆ రోజు పనికి సరిపోయే తునికాకు పొందికగా చుట్టి, పైన బరువుకు రాయి పెట్టి ఉంది. దాని కింద నేల ఇంకా తడిగానే ఉంది.