మొదటిసారి నేలలో

చిక్కుపడ్డ తీగలను విడదీసేటప్పుడు ఆమె కత్తెర ముట్టుకోదు. పక్క కుండీ మీదికి పాకిన కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, అది ఎటు చుట్టుకుందో చూసి, జడ విప్పినట్టు నెమ్మదిగా వెనక్కి విప్పుతుంది. నర్సరీలో అందరికీ ఆమె తీగల పిన్ని. పొట్టి మనిషి. పై కొసలు అందడానికి బకెట్టు బోర్లించి దాని మీదికెక్కుతుంది. మోచేతుల దాకా ముళ్ళ గీతలు, గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా పోని పచ్చ.

ఆ రోజు ఆమె చేయి పని మీద నిలవలేదు. తడిపిన కుండీనే మళ్ళీ తడిపింది. పూలమొక్కల వరస చూసుకునే పెద్దావిడ గమనించి, "ఏంటే, ఇవాళ కొత్త పెళ్ళికూతురిలా తిరుగుతున్నావు?" అంది.

"అప్పుడు కూడా ఇంత సంబరం లేదక్కా," అంది పిన్ని.

కూతురూ అల్లుడూ సొంత ఇంట్లోకి దిగారు. రెండు ఇరుకు గదులు, ముందు చాప పరిచినంత నేల. అల్లుడు వెల్డింగ్ పనివాడు. షాపులో మిగిలిపోయిన పైపులతో గుమ్మం ముందు కమాను నిలబెట్టి, దాని మీదికి ఏ తీగ ఎక్కాలో అత్తయ్యే చెప్పాలన్నాడు. బరువు ఆగుతుందా అని అడిగితే, ఏనుగును పాకించినా కదలదన్నాడు.

ఎవరెవరి పందిళ్ళకో తీగలు ఎంచిపెట్టిన మనిషి, తన వాళ్ళ కోసం ఎంచడం ఇదే మొదలు. అద్దె ఇళ్ళలో ఆమె పెంచినవన్నీ ఒక్క కాలం పూసి ఎండిపోయేవే, అవీ కుండీల్లోనే. ఖాళీ చేయమన్న రోజున తీగ కోసేసి, కుండీ చంకన పెట్టుకుని నడవాలి కదా. ఏళ్ళ తరబడి బతికే తీగను నేలలో పాతడమంటే, ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉంటామని అనుకోవడమే. ఆ మాట అనుకునే ధైర్యం ఆమెకు ఇన్నాళ్ళూ రాలేదు. అందుకే ఈ ఎంపిక తప్పకూడదని పొద్దుటి నుంచీ ఒకటే ఆరాటం.

అల్లుడికి కాగితంపూలు కావాలి, రోడ్డు మలుపులోంచే ఎర్రగా కనబడాలట. ఫోన్లో కూతురు ముళ్ళున్నాయా అని అడిగింది. ఉన్నాయి. వద్దంది. పాప పాకడం మొదలుపెట్టింది, దొరికిందల్లా నోట్లోకే. రాధామనోహరాలకీ ముదురు కొమ్మకు ముళ్ళు తేలతాయి. వద్దు. శంఖుపూలకు కాయలు, కాయల్లో గింజలు. అసలే వద్దు.

"అయితే ఇక ప్లాస్టిక్ తీగే నీకు గతి, తల్లీ," అంది పిన్ని.

అంటూనే సన్నజాజి వరసలోకి నడిచింది. ముల్లు లేదు, గొంతులో పడే గింజ లేదు. ఆకో పువ్వో నోట్లో పెట్టుకున్నా పాపే మొహం చిట్లించి ఉమ్మేస్తుంది. కమాను కప్పడానికి ఎన్నాళ్ళు పడుతుందని కూతురు అడిగింది. పాప బడికెళ్ళే నాటికి, అంది పిన్ని. అవతల కూతురు పైకే ఏళ్ళు లెక్కపెట్టుకుంది. తర్వాత, "సరే అమ్మా, అదే తీసుకురా," అని వినిపించింది.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుదుపు వచ్చినప్పుడల్లా కొస ముందు సీటాయన చెవిలో గిలిగింతలు పెట్టింది. ఆయన రెండుసార్లు దోమనుకుని కొట్టుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

దిగీ దిగగానే, మంచినీళ్ళయినా తాగకుండా, కుండీని కమాను కాలి పక్కన పెట్టి, కొసను పైపుకు ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, అయిపోయిందంది.

కూతురు తెల్లబోయింది. "కుండీతోనే పెట్టేశావేంటమ్మా?"

"ఎత్తుకెళ్ళేటప్పుడు తేలిగ్గా..." అని, పిన్ని ఆగిపోయింది.

"ఎక్కడికి ఎత్తుకెళ్తామమ్మా?"

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అల్లుడు పార తెస్తానన్నా వినకుండా, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతోనే గుంట తవ్వింది. కుండీ తట్టి, మొక్కను మట్టిముద్దతో సహా దింపి, చుట్టూ అరచేతులతో అదిమింది. పాపకు పొట్టయిపోయిన నీలం గౌనులోంచి ఒక పీలిక చించమని కూతురికి చెప్పింది. దాంతో కాడను పైపుకు కట్టేటప్పుడు తన బొటనవేలు మధ్యలో ఉంచి, దాని మీదుగా ముడి వేసి, వేలు లాగేసింది.

కూతురు ముడి కదిపి చూసి, వదులుగా ఉందంది.

"కాడ లావెక్కొద్దూ? ఇప్పుడే బిగిస్తే దాని గొంతు మనమే నొక్కినట్టు."

తర్వాత గుమ్మం మెట్టు మీద కూర్చుని, కమానుకు తల ఆనించి, కాళ్ళు బారచాపింది. వాసన మంచం దాకా రావాలంటే ఏ కిటికీ తీసి ఉంచాలో కూతురికి చెప్పింది. కూతురు పాపను నిద్రపుచ్చి, టీ పెట్టి తెచ్చేసరికి పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కింటి నర్సు వచ్చి మణికట్టు పట్టుకుంది. అక్కడ ఏమీ దొరకకపోయినా చాలాసేపు వదల్లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, నొప్పి తెలిసి ఉండదని మెల్లగా చెప్పింది.

మర్నాడు అందరూ వెళ్ళిపోయాక, ఎవరూ చెప్పకుండానే అల్లుడు మొక్కకు నీళ్ళు పోశాడు. కొస నిటారుగా ఉంది. పైపు మీద ఆ నీలం పీలిక, కాడకూ ముడికీ మధ్య ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ.