వెనక్కి జరిపిన ఆట

ఫకీర్ అహ్మద్ నడుం వంచి బాస్కెట్‌బాల్ కోర్టుకు సున్నంతో గీతలు గీస్తుండగా జేబులో ఫోన్ మోగింది.

"చాచా, నువ్వు అడిగినట్టే చేసినం. ఇయ్యాల మీకు మొగుళ్లపల్లితోని ఆట. భూపాలపల్లితోని ఆఖర్ల ఆడుండ్రి," అన్నాడు పోటీలు నడిపిస్తున్న రాజేందర్.

"అల్లా నిన్ను సల్లగ చూడాలె బిడ్డా!"

ఆ సంబరంలో గీత వంకర పోయింది. నవ్వుకుంటూ పాదంతో చెరిపి మళ్లీ గీశాడు. పొద్దుటి ఎండ వీపు మీద హాయిగా ఉంది. భార్య నఫీసా బేగం కట్టిచ్చిన ఖిచిడీ ఇంకా వెచ్చగానే ఉంది.

జనగామలోని ఆ కాలేజీలో ఆయన అటెండరు. ఆటల సారు పోస్టు ఖాళీగా ఉండటంతో బంతులతో పాటు జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. పాత జట్టు అమ్మాయిలంతా ఇంటర్ ముగించి వెళ్లిపోయారు. కొత్తవాళ్లను ఒక్కొక్కరినే పోగు చేశాడు. బంతి మీదికొస్తే కళ్లు మూసుకునే పిల్లలు. వాళ్లలో తారి ఒక్కతే వేరు. లింగాల ఘనపూర్ దగ్గరి తండా పిల్ల. ఎగిరిందంటే, ఆమె నేల మీదికి వచ్చాక గానీ రెండు జడలూ దిగేవి కావు.

తారి తండ్రి బీక్యా ఆ సాయంత్రమే పెళ్లాంపిల్లలతో ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోతున్నాడు. "ఒక్క ఆట చూస్త ఫకీరన్నా," అన్నాడు. "పిల్ల చేతిల నిజంగ ఏమన్న ఉంటే మా అవ్వ తాన ఇడిచిపెట్టి పోత. లేకుంటే నాతోని మిరప చేన్లకే."

ముందు అనుకున్న ప్రకారం ఆ ఒక్క ఆటా భూపాలపల్లితోనే. బొగ్గుబావుల కాలనీ పిల్లలు. ఏటా కప్పు వాళ్లదే. వాళ్ల ముందు తారి బెదిరిపోతే తండ్రికి కనిపించేది ఓటమే. అందుకే రాజేందర్‌ను బతిమాలి ఆట మార్పించాడు. కష్టమైనదాన్ని వెనక్కి జరిపితే ఈలోగా మనిషి గట్టిపడతాడని ఆయన నమ్మకం. కూతురు సమ్రీన్ మానుకోటలో నర్సింగు చదువుతానన్నప్పుడూ 'వచ్చే ఏడు' అన్నాడు. వచ్చే ఏడుకు పెళ్లి సంబంధం వచ్చింది.

పది దాటాక బండ్ల మీద యువకులు వచ్చారు. "నాయకులను అరెస్టు చేసిండ్రు! బంద్! జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అని పిల్లలతో పాటు ఫకీర్ అహ్మద్ కూడా పిడికిలి ఎత్తాడు. దించుతుంటే గుర్తొచ్చింది, మొగుళ్లపల్లి జట్టు వచ్చేది బస్సులో.

బస్సు పరకాలలోనే ఆగిపోయింది. భూపాలపల్లి, మానుకోట జట్లు మాత్రం రాత్రే వచ్చి తరగతి గదుల్లో పడుకున్నాయి. వాళ్ల ఆట వాళ్లు మొదలుపెట్టారు.

"చాచా, ఆడకుండనే మనం గెలిచినట్టా?" అంది జట్టులోని సుమన.

"ఆడకుంట గెలుసుడేందే! కూసో."

ప్రహరీ గోడ మీద కూర్చున్న బీక్యా చాలాసేపు పరాయి పిల్లల ఆట చూశాడు. తర్వాత కూలీలను తీసుకుపోయే డీసీఎం వ్యాను సంగతి కనుక్కోవడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. అప్పుడే బంతి గీత దాటి తారి కాళ్ల దగ్గరికి దొర్లింది. ఆమె లేచి, ఉన్నచోటి నుంచే విసిరింది. బంతి అందరి తలల మీదుగా వెళ్లి రింగులోంచి జారింది.

భూపాలపల్లి జట్టును తెచ్చిన కుమారస్వామి ఈల వేశాడు. "ఎవలు చాచా గీ పిల్ల? మాతోని ఆడిపిస్తే మా పాణం తీస్తుండె గద!"

ఫకీర్ అహ్మద్ గోడ వైపు చూశాడు. బీక్యా ఇంకా రాలేదు.

"కుమారస్వామీ, పొద్దుమూకక ముందు మాతోని ఒక్క ఆట ఆడుండ్రి. జర ఆలోచించు."

"మీరే వద్దన్నరు గద చాచా. గిప్పుడు మా పిల్లల కాళ్లు పడిపోయినయ్. ఎట్లైనా బంద్‌ల ఇయ్యాల పోలేం. రేపు పొద్దుగాలైతే సై."

సాయంత్రం బంద్ సడలగానే డీసీఎం వచ్చి కాలేజీ గేటు ముందు ఆగింది.

"ఒక్క రాత్రి ఆగు బీక్యా. రేపు ఆడుతది, చూసి పో."

"మేస్త్రి ఆగడన్నా. చూద్దామనే వచ్చిన గద. పిల్ల పక్కకు కూసున్నదే కనబడె."

తారి బండెక్కింది. మూటల మధ్య చోటు చూసుకుని కూర్చుంది. బండి కదిలాక చెయ్యి ఊపింది. ఆయన చెయ్యి ఎత్తేసరికి బండి మలుపు తిరిగింది.

ఆయన కోర్టు దగ్గరికి వచ్చాడు. ఆడపిల్లలు ఇళ్లకు బయల్దేరుతున్నారు.

"రేపు పొద్దుగాల అందరు రాండ్రి. భూపాలపల్లితోని ఆట."

"తారి లేకుంటనా? ఓడిపోతం చాచా," అంది సుమన.

"ఓడుదాం. రేపే ఓడుదాం."

ఇనుప కుర్చీ మీద తారి విప్పి పెట్టిన పసుపు జెర్సీ ఉంది. దుకాణంలో పెట్టిన మడతలు దాని మీద ఇంకా అలాగే ఉన్నాయి.