పేగుల బాబాయి జల్లెడ

ఎలుక పేగును పొడవునా చీల్చి, చల్లటి నీళ్లలో రెండుసార్లు జాడించి, గోరంత ముక్కలుగా కత్తిరించాడు పేగుల బాబాయి. ల్యాబులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. సాయంత్రానికి రిటైర్మెంటు.

ముక్కల్ని సీసాలో వేసి, గోరువెచ్చటి ద్రావణంలో మెల్లగా ఊపాడు. పేగు లోపలి పొరలో ఇరుక్కుని కూర్చున్న రక్షణ కణాలు అప్పుడే ఊడి వస్తాయి. వాటి ఒంటిమీద ప్రొటీన్లుంటాయి, కాపలావాళ్ల టోపీల్లాగా. టోపీని బట్టే ఏ కణం ఏమిటో ల్యాబు నడిపే డాక్టరమ్మ చెబుతుంది. ద్రావణంలో మందు కాస్త ఎక్కువైతే టోపీలు రాలిపోతాయి. ఇక ఎవడు కాపలావాడో, ఎవడు దారినపోయేవాడో ఆ బ్రహ్మకైనా తెలియదు.

అసలు కిటుకు వడపోతలో ఉంది. కంపెనీ పంపిన సన్నటి జాలీలు ముక్కలతో పూడుకుపోయి, కణాలు మందులోనే ఎక్కువసేపు నానేవి. పంతొమ్మిదేళ్ల కిందట బాబాయి ఇంట్లో టీ వడకట్టే స్టీలు జల్లెడని సంచిలో వేసుకొచ్చాడు. పిడి కాలుతోందని భార్య ఎర్రదారం చుట్టిన జల్లెడ. ఆ రోజునుంచీ కణాలు టోపీలతో సహా దిగుతున్నాయి.

ఇంట్లో మాత్రం కొంప మునిగింది. అదే వారం బాబాయి అక్క వచ్చి వెళ్లింది. జల్లెడ ఆవిడే పట్టుకుపోయిందని భార్య తేల్చేసింది. ఆ మాట ఆనోటా ఈనోటా అక్క చెవిన పడింది. అంతే, వదినామరదళ్లకి మాటల్లేవు. నిజం చెప్పబోయినప్పుడల్లా బాబాయి ఏదో సాకు చెప్పి బయటికి జారుకునేవాడు. తన పిరికితనానికి తనకే సిగ్గేసేది.

ఇవాళ ఉపాయం తట్టింది. జల్లెడని తీసుకెళ్లి వంటింట్లో డబ్బాల వెనక పడేస్తే, అదే దొరుకుతుంది. కానీ దొరికితే భార్య ఊరుకుంటుందా? అందులోనే టీ వడకడుతుంది, మొదటి కప్పు తనకే ఇస్తుంది. పంతొమ్మిదేళ్ల ఎలుక పేగులు కళ్లముందు మెదిలి, ఆ ఉపాయం మానుకున్నాడు.

సాయంత్రం వీడ్కోలుకి భార్య వచ్చింది. డాక్టరమ్మ మురిసిపోతూ జల్లెడని పైకెత్తింది. మీ ఆయన ఇంటినుంచి ఇది తేకపోతే ఆ ప్రొటీన్లు మా కంటబడేవే కావు అని చెప్పింది. భార్య ఎర్రదారాన్ని చూసింది, తర్వాత మొగుణ్ని చూసింది.

"ఇది మీరు తెచ్చారా?"

"నేనే. చెప్పడానికి భయమేసింది."

ఆవిడ వరండాలోకి వెళ్లి ఫోను తీసింది. బాబాయికి ఆవిడ వీపే కనబడుతోంది.

"వదినా, నేనే. జల్లెడ దొరికింది. తప్పంతా నాది. మీరు రేపే రండి. మీ తమ్ముడి సంగతి ఇద్దరం కలిసి చూద్దాం."

అవతల అక్క ఏమందో, ఈవిడ నవ్వుతోందో ఏడుస్తోందో, భుజాలు కదులుతున్నాయి. బాబాయి కళ్లు చెమర్చాయి. రేపు ఇద్దరూ ఏకమై తన తాట తీస్తారని తెలిసినా ప్రాణానికి హాయిగా ఉంది.

జ్ఞాపకంగా తీసుకెళ్లమని డాక్టరమ్మ జల్లెడ ఇవ్వబోతే, భార్య రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దమ్మా, మీ దగ్గరే ఉండనివ్వండి."

మొగుడూ పెళ్లాలు మెట్లు దిగి వెళ్లిపోయారు. డాక్టరమ్మ కడిగి సింకు పక్కన మేకుకి తగిలించిన జల్లెడ ఎర్రదారం నుంచి ఇంకా ఒక్కో చుక్కా కారుతూనే ఉంది.