నడుముకు కట్టిన అర్జునుడు

అర్జునుడి బొమ్మ ఉన్న చిల్లుకాణీ మగవాడి మెడలో ఉంటేనే పనిచేస్తుందనీ, ఆడదాని నడుముకు తగిలితే దాని మహిమ మంటగలుస్తుందనీ బాలి ఉత్తర తీరంలోని ఆ ఊరి మగవాళ్ల నమ్మకం. ఆడవాళ్ల కట్టుబట్టలు ఆరేసిన తాడు కిందనుంచి నడవాల్సొస్తే ఊరంతా చుట్టి వెళ్లే శూరులు వాళ్లు. సద్రి మాత్రం అమ్మమ్మ ఇచ్చిన కాణీని మూడు రంగుల దారానికి గుచ్చి నడుముకే కట్టుకుంది. రెండుసార్లు కడుపు పోయాక మూడోది నిలిచింది. దారం విప్పితే ఇదీ దక్కదని ఆమె భయం.

భర్తకు అన్నయిన గెజెర్‌కి కోడిపందేల్లో గెలవడానికి ఆ కాణీ కావాలి.

"ఆడదాని నడుముకి కట్టి అర్జునుణ్ని చంపేశావు. ఇటివ్వు, శుద్ధి చేయించి నేనేసుకుంటా."

"చచ్చిన అర్జునుడు మీకెందుకు బావగారూ?"

ఇంతలో సముద్రపు ఒడ్డున మొక్కజొన్న చేలో పురావస్తు తవ్వకాలవాళ్లకు అస్థిపంజరం ఒకటి దొరికింది. నడుము దగ్గర అచ్చం అలాంటి కాణీయే. ఇంకేముంది, మెడలోది జారి నడుము దగ్గర పడిందనీ, పాతకాలపు వీరుడనీ అన్నారు మగవాళ్లు. గొయ్యి గట్టున సిగరెట్లు వెలిగించి పెట్టారు, సారా పోశారు, పందెం కోళ్లను తెచ్చి మొక్కించారు. గెజెర్ సద్రిని అక్కడికి పిలిపించాడు.

"చూశావా ఇది ఎవరి సొత్తో? విప్పు."

పదిమందీ చూస్తున్నారు. సద్రి చెయ్యి దారం మీదికి పోయింది.

గోతిలో కుంచెతో మట్టి దులుపుతున్న నూర్‌హయాతి తలెత్తింది. తవ్వకాలకు పెద్ద ఆవిడే.

"వీరుడని ఎవరన్నారండీ? తుంటి ఎముక చూడండి, ఆడమనిషి. ఇదిగో, ఈ చిన్న ఎముకలు కడుపులో బిడ్డవి."

ఎవరో మెల్లగా కోడిని చంకలోకి తీసుకున్నారు. గెజెర్ మాత్రం తగ్గలేదు.

"మరి కాపాడిందా? తల్లీ పోయింది, బిడ్డా పోయింది."

ఆ మాట సద్రి గుండెల్లో దిగింది. అయినా వంగి, గట్టు మీది సిగరెట్లు పక్కకు నెట్టి, తన కొంగున ఉన్న తమలపాకులు, వక్క అక్కడ పెట్టింది.

"పోయేదాకా ఆవిడ విప్పలేదుగా బావగారూ. నేనూ విప్పను."

మర్నాడు పొద్దున్నే తన గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, తడి కట్టుబట్టలన్నీ దానిమీద ఆరేసింది. గెజెర్ అక్కడిదాకా వచ్చి, తాడు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. బిడ్డ పుట్టేదాకా ఆ తాడు తియ్యలేదు.