నవ్వని ముఖం

హత్య జరిగింది మంగళవారం పొద్దున. చచ్చినవాడు నాలుగు వందల ఏళ్ల కిందటి డచ్చి ముసలాయన. చంపింది నేను. ఆయుధం, అరంగుళం కుంచె.

నా పేరు ధనరాజు. విజయనగరంలో ఇరవై ఆరేళ్లు గోడల మీద ఎన్నికల అభ్యర్థుల ముఖాలు వేశాను. అందరినీ నవ్వించాను, డిపాజిట్ పోయినవాళ్లని కూడా. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నన్ను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. 2013 నాటికి నా చేతిలో ఒక్కటే పని మిగిలింది, నౌపడ ఎలీసమ్మ గారు అడిగిన బొమ్మ.

ఆవిడ భర్త రాబర్ట్ గారు ఉప్పు మడుల్లో మేస్త్రీ, చర్చిలో సంఘపెద్ద. పోయి ఏడాది కావస్తోంది. ఏడాది నాటి ప్రార్థనకి ఆయన ఆయిల్ పెయింటింగ్ గోడకెక్కాలి.

"నవ్వు మాత్రం పెట్టకు తమ్ముడూ. మా ఆయన నవ్వితే సంగపోళ్లు ఎవులూ పోల్చుకోలేరు," అందావిడ, రేషను కార్డు ఫొటో చేతికిస్తూ.

ఈ పని చెడితే కుంచెలు అటకెక్కించేస్తానని మా ఆవిడ అమ్మడుతో అన్నాను. అమ్మడు వెంటనే అటక మీద చోటు చెయ్యడం మొదలుపెట్టింది.

చిక్కేమిటంటే, నవ్వని ముఖం నాకు రాదు. అందుకే చూసి వేసి నేర్చుకుందామని, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన బొమ్మల పుస్తకంలోంచి డచ్చి ముసలాయన్ని పట్టుకొచ్చాను. ముఖం సగం చీకట్లో ఉంటుంది, పెదాలు బిగించి ఉంటాయి. బొమ్మని గడి గడిగా దించుకోవడానికి, గోడ మీద గీసినట్టే గళ్లు గీశాను. ముందు మట్టిరంగు. అది ఆరాక పలచగా ఇంకో పూత. నేనెరిగిన గోడల ఎనామిల్ రంగు పూటలో ఆరిపోతుంది. ఈ ఆయిల్ రంగు వారమైనా ఆరదు. నేను నాలుగో రోజే పైపూత వేశాను. రెండూ కలిసి బురదయ్యాయి. బురదని కప్పబోయిన చెయ్యి పాత అలవాటు కొద్దీ బుగ్గలకి గులాబీ రంగు పులిమి, పెదాల చివర్లు పైకి లాగేసింది.

అమ్మడు వచ్చి చూసింది.

"ఎవులు మావా ఈ ముసిలోడు? ఏ గుర్తు మీద నిలబడినాడు?"

శవాన్ని అటక మీదకి చేర్చాం. గులాబీ ట్యూబుని అమ్మడు బియ్యం డబ్బాలో దాచేసింది. రెండో ముసలాయన నవ్వాడు. మూడోవాడు నవ్వు ఆపుకున్నాడు. మూడు నెలలకి నాలుగోవాడు నోరు మూసుకున్నాడు. ఆ చేత్తోనే రాబర్ట్ గారిని వేశాను. ముఖం సగం చీకటి, బిగిసిన పెదాలు, ఉప్పు మీది ఎండకి చికిలించిన కళ్లు.

ప్రార్థన ఇంకా పది రోజులుందనగా ఎలీసమ్మ గారు రైలెక్కి వచ్చారు. చాలాసేపు చూశారు. నేను అటక వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఈయనే," అన్నారు.

నాకు ఊపిరి వచ్చింది.

"ముప్పై రెండేళ్లు ఈ ముఖమే సూసినాను తమ్ముడూ. గోడ మీదైనా కూసింత నవ్వనీ."

"సంఘంవాళ్లు పోల్చుకోలేరని మీరే అన్నారమ్మా."

"ఆళ్ల సంగతి నాకెందుకు? నేను పోల్చుకుంటాను గదా."

కుంచె తీసుకున్నాను. పెదవి చివర కాస్త పైకి లాగాను. రాబర్ట్ గారు పళ్లు నొప్పి పెట్టినట్టు చూశారు. తుడిచి మళ్లీ లాగాను. ఇప్పుడు కోపం వచ్చినట్టుంది. ఇరవై ఆరేళ్లు ఊరందరినీ నవ్వించిన చెయ్యి, మూడు నెలల చదువుతో నవ్వు మరిచిపోయింది.

అమ్మడు స్టూలేసుకుని అటకెక్కింది. మంగళవారం నాటి హతుణ్ణి దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టింది.

ముసలాయన ఓటడుగుతున్నట్టు నవ్వుతున్నాడు.

సుద్దముక్క తీసుకుని ఆయన మూతి మీద గళ్లు గీయడం మొదలుపెట్టాను.