వాన గ్రహానికి తుపాకీ

తుపాకీ చూసి జనం నవ్వారంటే నాటకం అక్కడే చచ్చినట్టు. మా అక్క రుక్మిణి రోజూ ఇదే పాట. ఆవిడ రాసిన నాటకం వేరే గ్రహం మీద జరుగుతుంది. అక్కడ ఎప్పుడూ వానే. బయటినుంచి ఓడలు రావు, విడిభాగాలు దొరకవు. అలాంటి చోట కాపలావాడి చేతిలో బురదలో పడ్డా చెడని తుపాకీ ఒకటి ఉండాలట. దాన్ని తయారుచేసే పని నా నెత్తిన పడింది. సముద్రం నడుమ మా దీవిలో, లౌటోకా ఊళ్లో ఇళ్ల ప్లాన్లు గీసుకు బతికేవాణ్ణి, తుపాకీని దగ్గరగా చూసిన పాపాన పోలేదు.

ఎవరినైనా అడుగుదామంటే అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. అంతకుముందేడే సైన్యం గద్దెనెక్కింది. మా వైపు ఎక్కడ చూసినా తుపాకుల కోసం సోదాలే. ఆ మాట ఎత్తితే స్నేహితులు కూడా కిటికీ వంక చూసి గొంతు తగ్గించేవారు.

మొదట రేకుతో ఒకటి చేశాను. మీటలు, రంగు దీపాలు, రెక్కలు, దేనికీ లోటు చెయ్యలేదు. రిహార్సల్లో అందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయి ఇంటికొచ్చి దాన్ని కాలితో తొక్కేశాను. కోపం దిగాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఏమీ దొరకని చోట మనిషి తుపాకీని దేంతో చేసుకుంటాడు? ఇంట్లో ఉన్న సామానుతోనే కదా. అంతే, చెరకు కత్తి పిడి, చేలో మందు కొట్టే పంపు గొట్టం, తలుపు గడియ, సైకిలు ట్యూబు ముందేసుకు కూర్చున్నాను. అది పేలక్కర్లేదు. గడియ లాగితే టక్కుమంటే చాలు. గొట్టాన్ని చెక్క ముక్కతో పూడ్చేశాను. వసారా మీంచి బురదలోకి పారేసి, తీసి, మళ్లీ లాగాను. టక్కుమంది. పైగా విప్పేస్తే ఏ ముక్కా తుపాకీలా కనపడదు. నాటకం వేసేది దూరాన నవువా ఊళ్లో. దారిలో సిపాయిలు ఆపినా ఫరవాలేదని తెగ మురిసిపోయాను.

అక్కా, పిన్నీ, నేనూ కారులో బయల్దేరాం. సిగటోకా ఊరు దాటాక ఆపనే ఆపారు. జల్లు పడుతోంది. ఒక సిపాయి డిక్కీ తెరిచి, గోనెసంచిలోంచి పిడి తీశాడు, గొట్టం తీశాడు, గడియ తీశాడు. ప్రతిదానికీ పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. పక్కనే ఉన్న పాత పారకి మాత్రం ఏమీ లేదు. ఏవి కలిపితే ఒకటవుతాయో ఆ బొట్లే చెప్పేస్తున్నాయి. వెనక సీట్లో కూర్చున్న కన్నమ్మ పిన్ని వైపు చూశాను.

"కొత్త సామాను కదరా. పూజా లేకుండా ఇల్లు నుంచి ఎట్టా తీస్తావు?" అంది పిన్ని.

సిపాయి ఆ బొట్ల వంకే చూస్తూ, "ఈ కొంచి హై?" అన్నాడు, ఏమిటివి అని. మేం నోరు తెరిచేలోపే బొట్టున్న ముక్కల్ని ఒకదానికొకటి బిగించడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే అన్నీ ఇట్టే కుదిరిపోయాయి. పట్టుబడ్డామని భయం, అయినా లోపల ఎక్కడో పొంగిపోతున్నాను. గడియ టక్కుమంది.

అక్క గబగబా నాటకం సంగతంతా చెప్పింది. అతను గొట్టంలోకి తొంగిచూసి, చెక్క కనపడ్డాక తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. నా కళ్లు మాత్రం అతని భుజాన ఉన్న అసలు తుపాకీని వదల్లేదు. దాని మూతికి బ్రెడ్డు సంచీ తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఉండబట్టలేక అదెందుకని అడిగేశాను.

"పానీ గిరే, భయ్యా," అన్నాడతను నవ్వి. వాన కదా, నీళ్లు పోతే పాడవుతుందిట. నా తుపాకీ మూతి చూపించి, మరి నీ గ్రహంలో వాన కురవదా అని అడిగి, మమ్మల్ని పొమ్మన్నాడు.

నవువా చేరగానే పిన్ని తెచ్చిన బ్రెడ్డు సంచీ ఖాళీ చేయించి, నా తుపాకీ మూతికి కట్టాను. బొట్లు తుడవడానికి పిన్ని ఒప్పుకోలేదు.

కాపలావాడు రంగం మీదికి వచ్చాడు. రోడ్డు మీద సిపాయిల తుపాకులకి రోజూ చూసే సంచీయే అది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో నేలమీద కూర్చున్న పిల్లలు లేచి మెల్లగా తల్లుల దగ్గరికి పోయారు. హాలు మొత్తం చప్పుడు లేదు. గెలిచామన్నట్టు అక్క నా చెయ్యి నొక్కింది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఆ నిశ్శబ్దాన్నే. తీరా వచ్చాక నాకు భయం వేసింది. ఒక్కరైనా నవ్వితే బాగుండునని ఎదురుచూశాను.