లాంతరు ఆరలేదు

లింగాల దగ్గర గోవిందు పొలంలోని బావిలోకి లాంతరు దించాను. నీళ్లు లేవు, మోకాలి లోతు బురదే. బురద దాకా దింపినా ఆరలేదు. పూడిక తీసేవాళ్లం ముందుగా చేసే పని అదే. లాంతరు మండితే మనిషి దిగుతాడు, ఆరితే దిగడు.

రెండేళ్ల కింద ఈ బావిలోనే నా తమ్ముడు సామ్యూల్ పోయాడు. ఆ రోజూ లాంతరు ఆరలేదు. తాగి దిగాడు, గుండె ఆగింది అన్నారు. నేనూ అదే అన్నాను.

ఈ రోజు దిగవలసింది వాడి కొడుకు ప్రభుదాసు. నడుముకు తాడు కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

కాలేజీ నుంచి సుమన మేడం రెండు లేజరు యంత్రాలు తెచ్చింది. బావుల్లో విషగాలిని ఏది బాగా పసిగడుతుందో పోల్చి చూస్తుందట. మొదటిది బావి మూతికి అడ్డంగా కంటికి కనిపించని వెలుగు పంపి, విషగాలి మింగగా ఎంత తగ్గి తిరిగి వచ్చిందో చూస్తుంది. సున్నా చూపింది.

"ఇగ దిగుత పెద్దనాయినా," అన్నాడు ప్రభుదాసు. "నీ లాంతరు, మేడం లైటు, రెండూ పాసైనయ్ గద."

"జర ఆగు తమ్మీ," అన్నది మేడం. "అది మూతి కాడనే చూసింది. ఈ రెండోది అడుగు గాలి గుంజుకుంటది. లేజరు తగిలితే గ్యాసు సన్నగ చప్పుడు చేస్తది. మన చెవికి రాదు, దీని మైకుకు వస్తది."

సన్నని గొట్టం దించింది. యంత్రం మీద అంకె చిన్నగానే ఉంది. పూడిక ఎట్లా తీస్తారో చేసి చూపమన్నది. తాడుకు గడ్డపార కట్టి బురదను రెండుసార్లు కుమ్మాను.

అంకె ఎగిరింది. వెయ్యి దాటింది. మూతి దగ్గరి యంత్రంలో ఇంకా సున్నాయే.

"దిగితే రెండు ఊపిర్లు తాతా, గంతే," అన్నది మేడం నాతో.

"మరి లాంతరు మండుతుంది గదమ్మా?"

"ఇంత గ్యాసుకు మంట ఆరదు. మనిషి పోతడు."

ఆ రోజు సామ్యూల్ మొదటి తట్ట పైకి పంపి అరిచాడు. "అన్నా, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. పైకి గుంజు." నేను నవ్వాను. "లాంతరు మండుతుంటే నీకేం రోగంరా? పొద్దుగాల్నే ఏసినవా?" అన్నాను. రెండో తట్ట రాలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ప్రభుదాసు నా మొహమే చూస్తున్నాడు. "మా నాయిన గుండె ఆగి పోలేదా?"

చెప్పాను. మొత్తం చెప్పాను.

వాడు నడుము తాడు విప్పి, చుట్ట చుట్టి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"అమ్మకు నువ్వే చెప్పు. రెండేండ్ల సంది తాగుబోతు పెండ్లాం అనిపించుకుంటుంది."

లాంతరు పైకి లాగాను. మండుతూనే వచ్చింది. ఊది ఆర్పి, వాళ్లమ్మ ఎస్తేరమ్మ ఇంటి వైపు నడిచాను.